చెరువులలో, జలాశయములలో వేటకు చిన్న పడవ: ఎంపికలో మెళకువలు

తెలుగునాట చెరువులకు, జలాశయములకు కొదువ లేదు. కాకతీయుల కాలమునాటి పాఖాల, రామప్ప చెరువులు నేటికిని నీటితో కళకళలాడుచున్నవి. విజయనగర రాజుల కాలమునాటి కంభము చెరువు కలదు. మంజీరా నదిపై 1931 నాటికి పూర్తియైన నిజాంసాగరము, కృష్ణానదిపై 1967లో కాలువలకు నీరు వదలిన నాగార్జునసాగరము కలవు. ఇవి గాక కొల్లేరు, పులికాట్ వంటి సహజమైన సరస్సులు ఉండనే యున్నవి. ఈ నీళ్లలో పెరుగు బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, వాలుగ, కొర్రమీను చేపలను నమ్ముకొని వేలాది కుటుంబములు జీవించుచున్నవి.

మత్స్యకారునికి ఆస్తులు రెండు: ఒకటి వల, రెండవది పడవ. వల చినిగినచో ఒక పూట కూర్చుండి కుట్టుకొనవచ్చును. పడవను తప్పుగా ఎంచుకొన్నచో ఆ తప్పు అనేక సంవత్సరములు వెంటాడును. అప్పు తీరదు, వేట సాగదు. ఒక్కొక్కప్పుడు ప్రాణమునకే ముప్పు కలుగును. అయినను పడవ కొనువారిలో చాలమంది ధరను, రంగును చూచినంతగా తమ నీటిని, తమ వేటను చూచుకొనరు. ఈ విషయమై మత్స్యకార సోదరులకు తెలియవలసిన కొన్ని మెళకువలను ఇచ్చట వివరించుచున్నాము.

ఒడ్డున బోర్లించిన పడవ

కొన్ని సంవత్సరముల క్రిందట నేను ఒక మధ్యతరహా జలాశయము ఒడ్డునకు వెళ్లియుంటిని. అచ్చట తుమ్మచెట్టు క్రింద ఒక సన్నని పొడవైన పడవ బోర్లించి యున్నది. రంగు ఇంకను కొత్తగానే యున్నది. దాని యజమాని యువకుడు. ఏటి ఒడ్డున ఉన్న ఒక గ్రామములో ఆ పడవను చూచి, చురుకుగా పోవుచున్నదని ముచ్చటపడి, అప్పు చేసి కొనితెచ్చెను. ఆషాఢ మాసములో ఒకనాడు గాలి లేచిన వేళ అతడు పడవలో నిలుచుండి వల లాగుచుండగా పడవ ప్రక్కకు ఒరిగి తిరుగబడినది. నీటిలో మునిగియున్న ఒక చెట్టు మోడు చేతికి దొరకుటచే అతడు బ్రతికి బయటపడెను. వలలన్నియు పోయినవి. అప్పటినుండి పడవ చెట్టు క్రిందనే యున్నది. వడ్డీ మాత్రము పెరుగుచున్నది.

ఆ ప్రక్కనే ఒక వృద్ధుడు వెదురు బద్దలతో పుట్టి అల్లుచుండెను.

"ఏం తాతా, ఆ పడవ చెడ్డదా?" అని అడిగితిని.

ఆయన తల ఎత్తకుండగనే, "పడవ చెడ్డది కాదు సారూ. ఏటికి పుట్టిన పడవ అది. ఏట్లో రెండు దిక్కులా గట్లుంటాయి, చెట్లుంటాయి, గాలికి అడ్డం దొరుకుద్ది. ఈ సాగరంలో గాలిని ఆపేదెవరు? చెప్పు కాలికి సరిపోవాల గానీ, కాలు చెప్పుకు సరిపోద్దా?" అనెను.

పడవ ఎంపికకు మూలసూత్రము ఆ వృద్ధుని మాటలోనే యున్నది. మంచి పడవ, చెడ్డ పడవ అని వేరుగా లేవు. ఈ నీటికి తగిన పడవ, తగని పడవ అని మాత్రమే కలవు.

ముందుగా నీటిని చూడవలెను

పడవను చూచుటకు ముందు మన చెరువును మనము కొత్తవారివలె ఒకసారి చుట్టి చూడవలెను. గమనింపవలసిన విషయములు నాలుగు.

మొదటిది, గాలికి దొరకు ఖాళీ. గాలి అడ్డు లేకుండ ఎంత దూరము నీటిపై వీచునో అంత పెద్ద అలలు లేచును. అర కిలోమీటరు వెడల్పుగల ఊరచెరువులో గాలి ఎంత వీచినను అలలు చిన్నవిగనే యుండును. ఐదారు కిలోమీటర్లు తెరపిగా ఉన్న జలాశయములో అదే గాలికి అలలు పడవ అంచును దాటి రాగలవు. ఏప్రిల్, మే నెలలలో మధ్యాహ్నము తరువాత ఉరుములతో కూడిన ఈదురుగాలులు హఠాత్తుగా లేచును. జూన్ మొదలు సెప్టెంబరు వరకు నైరుతి గాలి గంటల తరబడి వీచును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కోస్తా ప్రాంతమున వాయుగుండముల భయము కలదు. ఈ మూడు కాలములను మనసులో ఉంచుకొని పడవను ఎంచుకొనవలెను గాని, జనవరి నెలలో అద్దమువలె నిలకడగా ఉన్న నీటిని చూచి కాదు.

రెండవది, లోతు. కొల్లేరు వంటి లోతు తక్కువైన సరస్సులలో అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట నొకటి వచ్చి పడవను కుదిపివేయును. అచ్చట తక్కువ నీటిలో తేలు పడవ కావలెను. గెడతో నెట్టుకొనిపోవుటకు వీలుండవలెను. లోతైన జలాశయములో గెడ అందదు. తెడ్లే శరణ్యము.

మూడవది, నీటి క్రింద ఉన్నవి. జలాశయములలో మునిగిన చెట్ల మోళ్లు, పాత గోడలు, బండరాళ్లు ఉండును. నీటిమట్టము తగ్గినపుడు ఇవి అడుగున గీసికొనును. పలుచని అడుగుగల పడవకు ఇది ప్రమాదము. గుర్రపుడెక్క, తుంగ ఎక్కువగా ఉన్నచోట అడుగు నునుపుగా, ముందుభాగము పైకి వంగి యుండిననే పడవ వాటిపై జారిపోవును.

నాలుగవది, ఒడ్డు. వేసవిలో జలాశయము నీరు వెనుకకు పోయినపుడు నిన్నటి ఒడ్డునుండి నేటి నీటి అంచునకు వందల గజముల బురద ఏర్పడును. ఆ బురదపై పడవను ఎవరు మోయుదురు? ఇంట ఒక్కడే వేటగాడు ఉన్నచో ఒక్కడు మోయగల పడవ కావలెను. ఇది చాల చిన్న విషయముగ కన్పించును. కాని పడవను ఒడ్డున విడిచిపెట్టుటకు అసలు కారణము పెక్కు సందర్భములలో ఇదియే.

పిదప వేటను చూడవలెను

చేప మొప్పలు చిక్కుకొను నిలువు వలలను సాయంకాలము వేసి తెల్లవారి తీయువారికి, కూర్చుండి పని చేయుటకు వీలైన చోటు, తడి వల కుప్ప వేయుటకు ఖాళీ కావలెను. విసురువల వేయువారు నిలుచుండి నడుము త్రిప్పి బలముగ విసరవలెను. వారికి పడవ నిలకడయే ప్రధానము. గాలముల త్రాళ్లు వేయువారికి ఒకచోట కదలక నిలుచు పడవ, లేదా నెమ్మదిగా జరుగు పడవ కావలెను. అలివి వలను చుట్టివేయుటకు బరువు మోయగల పెద్ద పడవ కావలెను. నలుగురు పట్టు పడవను ఒక్కడు నడుపలేడు. ఒక్కడు నడుపు పడవలో నలుగురు ఎక్కరాదు. కనుక ఎందరు వెళ్లుదురు, ఏ వల వేయుదురు, ఎంత చేప తెత్తురు అను మూడు ప్రశ్నలకు జవాబు వ్రాసికొని గాని బజారునకు పోరాదు.

బరువు లెక్క ఎవరైనను వేయవచ్చును

పడవ ఎంత మునుగునో తెలిసికొనుటకు ఇంజనీరు అక్కరలేదు. పడవ తన బరువునకు సమానమైన నీటిని ప్రక్కకు నెట్టి తేలును. ఒక ఘనపుటడుగు నీరు సుమారు 28 కిలోలు తూగును. దీనినిబట్టి లెక్క వేయవచ్చును.

14 అడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పుగల చదునైన అడుగు పడవను తీసికొందము. పొడవును వెడల్పుచే గుణించిన 49 చదరపుటడుగులు వచ్చును. రెండు కొనలు సన్నగిలియుండును గనుక అందులో మూడువంతులు, అనగా 37 చదరపుటడుగులు మాత్రమే లెక్కకు తీసికొనవలెను. ఈ పడవ ఒక అంగుళము మునిగినచో మూడు ఘనపుటడుగుల నీటిని మించి నెట్టును. అనగా ప్రతి అంగుళమునకు దాదాపు 86 కిలోలు మోయును. పడవ బరువు 100 కిలోలు, ఇద్దరు మనుష్యులు 120 కిలోలు, తడి వలలు 40 కిలోలు, చేపలు 80 కిలోలు, ఇతర సామాను 10 కిలోలు అనుకొన్నచో మొత్తము 350 కిలోలు. పడవ సుమారు నాలుగు అంగుళములు మునుగును.

ఇపుడు 15 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పుగల సన్నని పడవను చూతము. దీని లెక్క 17 చదరపుటడుగులు. ప్రతి అంగుళమునకు 40 కిలోలు మాత్రమే మోయగలదు. పడవ బరువు 60 కిలోలే అయినను, మనుష్యులు, వలలు, చేపలు కలిసి 300 కిలోలైనచో ఏడున్నర అంగుళములు మునుగును. దాని లోతు 14 అంగుళములైన, నీటికి అంచుకు నడుమ మిగులునది ఆరున్నర అంగుళములే.

అడుగున 6 అడుగుల వ్యాసముగల పుట్టి 28 చదరపుటడుగుల వైశాల్యము కలిగి, అంగుళమునకు 66 కిలోలు మోయును. ఇద్దరు మనుష్యులు, వలలు, చేపలు, పుట్టి బరువు కలిసి 240 కిలోలైనను నాలుగు అంగుళములలోపే మునుగును. అడుగు కొంచెము గుండ్రముగ ఉండును గనుక ఒక అంగుళము ఎక్కువ వేసికొందము. అంత చిన్న పుట్టి అంత బరువును మోయుటలోని రహస్యము ఇదియే.

గుర్తుంచుకొనవలసిన కొలత ఒక్కటి. పూర్తి బరువు ఎక్కించిన పిమ్మట నీటినుండి పడవ అంచు వరకు కనీసము ఒక జాన, అనగా తొమ్మిది అంగుళములు మిగిలియుండవలెను. తెరపి ఎక్కువగా ఉన్న జలాశయములో ఒక మూర మిగులుట మంచిది.

వెడల్పు విలువ

పడవ తిరుగబడకుండ కాపాడునది ముఖ్యముగ దాని వెడల్పు. ఇచ్చట ఒక విశేషము కలదు. పొడవు రెట్టింపైన నిలకడ రెట్టింపగును. వెడల్పు రెట్టింపైన నిలకడ రెట్టింపు కాదు, దాదాపు ఎనిమిది రెట్లగును. రెండడుగుల వెడల్పుకు 2×2×2, అనగా 8 పాళ్లు అనుకొన్నచో, మూడడుగుల వెడల్పుకు 3×3×3, అనగా 27 పాళ్లు. ఒక్క అడుగు వెడల్పు పెరిగినంతనే నిలకడ మూడు రెట్లు దాటినది. కనుక డబ్బు తక్కువైనచో పొడవు తగ్గించుకొనవలెను గాని వెడల్పు తగ్గించరాదు.

నిలుచున్న మనిషి పడవకు ఎత్తైన బరువు. కూర్చున్నపుడు నిలకడగా ఉన్న పడవయే అతడు లేచి నిలుచుండగానే ఊగుటకు ఇదియే కారణము. మన కథలోని యువకుని విషయములో ఈ మూడు కారణములును కలిసినవి. సన్నని పడవ, నిలుచున్న మనిషి, ప్రక్కనుండి వచ్చు అల. ఏ ఒక్కటి లేకున్నను బహుశః ప్రమాదము తప్పియుండెడిది.

పడవలలో రకములు

పుట్టి: కృష్ణా, తుంగభద్రా తీరములలో తరతరములుగ వాడుకలోనున్నది. వెదురు బద్దలను నక్షత్రమువలె పరచి, చుట్టును అల్లి, పూర్వము గేదె తోలు తొడిగెడివారు. ఇపుడు ప్లాస్టిక్ పట్టా పరచి తారు పూయుచున్నారు. తేలికైనది. ఒక్కడే నెత్తిపై పెట్టుకొని నడచిపోవచ్చును. జానెడు నీటిలోను తేలును. ధర తక్కువ. తయారుచేయువారు ఊరిలోనే యుందురు. లోపములు కూడ కలవు. అడుగున గుండ్రన గనుక తిన్నగా సాగదు, తెడ్డు పట్టుట తెలియనివాని చేతిలో తిరుగుచునే యుండును. ఎదురుగాలికి ముందుకు పోవుట కష్టము. చెట్టు మోడు గుచ్చుకొన్న పట్టా చినుగును. ఒడ్డునకు దగ్గరగా, ఒకరిద్దరు చేయు వేటకు ఇది మిక్కిలి అనుకూలము. ఫైబరుతో చేసిన పుట్లు కూడ ఇపుడు వచ్చుచున్నవి. ఇవి చినుగవు, తారు అక్కరలేదు, కాని ధర ఎక్కువ.

తాటిదోనె, సంగడి: తాటిమ్రానును తొలిచి చేసిన దోనె కొల్లేటి ప్రాంతమునకు, డెల్టా కాలువలకు తగినది. గుర్రపుడెక్క నడుమ సన్నని దారిలో దూరిపోవును. కాని ఒంటి దోనె నిలకడ చాల తక్కువ. అందుచేతనే మన పూర్వులు రెండు దోనెలను ప్రక్కప్రక్కన చేర్చి, పైన అడ్డకర్రలు కట్టి సంగడి చేసిరి. విడివిడిగా ఊగు రెండు దోనెలు జతగూడినంతనే రోలువలె కుదురుకొనును. వెడల్పు విలువ వారికి లెక్కలు లేకుండగనే తెలిసియుండెను.

చెక్కపడవ: బరువైనది, గాలికి తేలికగా కొట్టుకొనిపోదు, మోళ్లు తగిలినను తట్టుకొనును. నీరు నిండినను చెక్క తేలుచునే యుండును. ఇది పెద్ద గుణము. మంచి కలప ధర పెరుగుట, సందులు కుట్టి తారు పూయు పనివారు తగ్గుట దీనికి ఇబ్బందులు. 1957లో స్థాపితమై కొచ్చిలో పనిచేయుచున్న కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చౌకగా దొరకు రబ్బరు చెక్కను రసాయనములతో శుద్ధిచేసి చిన్న పడవలకు పనికివచ్చునట్లు చేసినది. ఆ సంస్థ పరిశోధన కేంద్రము విశాఖపట్నమున కలదు.

ఫైబరు పడవ: గాజునార, రెసిన్ కలిపి అచ్చులో పోసి చేయుదురు. కుళ్లదు, చెద పట్టదు, ఏటేట తారు పూయనక్కరలేదు. చెక్కపడవ కంటె తేలిక. అయితే ఒక హెచ్చరిక. గాజునార, రెసిన్ కలిసిన గోడ నీటికంటె బరువైనది. గాలి అరలు లేని ఫైబరు పడవలో నీరు నిండినచో అది రాయివలె మునుగును. అందుచే ముందు, వెనుక భాగములలో నురుగు నింపి మూసిన అరలు తప్పక ఉండవలెను. అమ్మువారు "ఉన్నవి" అన్నంత మాత్రమున నమ్మక, క్రింద చెప్పిన పరీక్ష చేయవలెను.

థర్మాకోల్ తెప్ప, లారీ ట్యూబు: పేదరికముచే చాలమంది వీటిపై వేటకు పోవుచున్నారు. వారిని తప్పుపట్టుటకు కాదు గాని, ఇవి పడవలు కావు. థర్మాకోల్ ఎండకు పెళుసై తునకలుగ విరుగును, ఆ పూసలు నీటిలో చేరి పోవు. ట్యూబు ఒక ముల్లు గుచ్చుకొన్న చాలును. రెండింటికిని అంచు లేదు, గాలిలో అదుపు లేదు. ఊరచెరువులో ఒడ్డు ప్రక్కన తప్ప వీటిని వాడరాదు. చొక్కావంటి ప్రాణరక్షక కవచము లేకుండ అసలే వాడరాదు.

గాలికి కళ్లెము

స్కాట్లాండు దేశమున లాక్ లెవెన్ అను సరస్సు ట్రౌట్ చేపలకు ప్రసిద్ధి. అచ్చటి వేటగాండ్రు ఈకలు, దారములతో పురుగువలె కట్టిన గాలమును నీటిపై విసరి చేపను పట్టుదురు. పడవను గాలికి అడ్డముగ పెట్టి, గాలి నెట్టుకొనిపోవుచుండగా ముందున్న కొత్తనీటిలో గాలము వేయుచు పోవుదురు. పడవ వేగముగ కొట్టుకొనిపోయినచో గాలము వేయుటకు వ్యవధి చిక్కదు. అందుచే గుడ్డతో చేసిన గొడుగువంటి సంచిని త్రాటికి కట్టి నీటిలో విడుతురు. అది నీటిని పట్టి పడవను నెమ్మదిగా పోనిచ్చును. వారు కూడ పడవను ఎంచుకొనునపుడు చూచునవి ఇవే: వెడల్పు, నిలకడ, గాలికి ఎంత లొంగునని.

ఈ ఉపాయము మనకును పనికివచ్చును. ఒక గట్టి గోనెసంచి మూతికి ఇనుప కమ్మీ వలయము కుట్టి, అడుగు మూలలో పిడికిలి పట్టునంత రంధ్రము చేసి, నాలుగు బారల త్రాడు కట్టవలెను. గాలి హఠాత్తుగా లేచినపుడు దీనిని పడవ ముందుభాగమునుండి నీటిలో విడిచినచో, పడవ ముఖము గాలివైపునకు తిరిగి నిలుచును. అలలు ప్రక్కనుండి కాక ఎదురుగా వచ్చును. పుట్టియైనచో తిరుగుట తగ్గును. లోతు తక్కువైన చోట రాతి లంగరు వేయవచ్చును. అపుడు త్రాడు నీటి లోతునకు కనీసము మూడు నాలుగు రెట్లు ఉండవలెను. నిట్టనిలువు త్రాడుతో లంగరు పట్టదు.

కొనుటకు ముందు చేయవలసిన పరీక్షలు

డబ్బు చెల్లించుటకు ముందు పడవను నడుము లోతు నీటిలోనికి దింపి ఈ ఆరు పరీక్షలు చేయవలెను. వీటికి పెద్ద ఖర్చు లేదు, ఒకటి రెండు పూటలు చాలును. ఒప్పుకొనని అమ్మకపుదారు వద్ద పడవ కొనరాదు.

1. మీరు మోయదలచిన బరువుతో సమానముగ ఇసుక బస్తాలు ఎక్కించి, అంచువరకు జానెడు మిగిలినదో లేదో చూడవలెను.

2. ఒక మనిషి ప్రక్క అంచువద్ద నిలిచి వల లాగునట్లు వంగవలెను. అపుడును అంచుకు నీటికి నడుమ బెత్తెడు మిగులవలెను.

3. పడవను నీటితో అంచువరకు నింపి చూడవలెను. నిండిన పడవ తేలుచు, దానిని పట్టుకొన్న ఇద్దరు మనుష్యులకు ఆధారము కావలెను. మునిగిన పడవను తీసికొనరాదు.

4. ఒక రాత్రి నీటిలో ఉంచి తెల్లవారి ఎంత నీరు ఊరినదో చూడవలెను.

5. గాలి వీచు వేళ ఎదురుగాలికి వంద గజములు తెడ్డు వేసి చూడవలెను. పోలేని పడవ మిమ్ములను ఇంటికి చేర్చదు.

6. మీ ఇంటివారు ఎందరు మోయగలరో అందరే మోసి ఒడ్డునుండి కొంతదూరము నడచి చూడవలెను.

మోటారు కావలెనా?

తెడ్డుతో గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు పోవచ్చును. వలలు ఐదారు కిలోమీటర్ల దూరమున వేయువారికి మోటారు మేలు. కాని పెద్ద మోటారుతో పడవ పరుగెత్తునను భ్రమ వలదు. నీటిని చీల్చుకొనిపోవు బరువైన 14 అడుగుల పడవ గంటకు దాదాపు తొమ్మిది కిలోమీటర్ల వద్ద తన అలకు తానే అడ్డుపడును. అంతకు మించి మోటారు శక్తి పెంచినచో ఖర్చగునది నూనెయే. మోటారు బరువు వెనుక అంచుపై పడును గనుక వెనుకభాగము వెడల్పుగ లేని పడవకు దానిని తగిలించరాదు. మోటారు ఉన్నను తెడ్లు తప్పక ఉంచుకొనవలెను. కొల్లేరు 1999లో అభయారణ్యముగ ప్రకటింపబడినది, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరినది. అటువంటి చోట్ల మోటారు వాడుటకు ముందు అటవీశాఖవారిని అడిగి తెలిసికొనవలెను.

సంరక్షణ

వేట లేని రోజులలో పడవను నీడలో, రెండు దుంగలపై బోర్లించి ఉంచవలెను. నేలను తాకనీయరాదు. పుట్టికి వానకాలమునకు ముందు పట్టా మార్చి తారు పూయవలెను. చెక్కపడవ సందులు ఏటేట చూచుకొనవలెను. ఫైబరు పడవపై పగులు కన్పించినపుడు చిన్నదేగదా అని విడువరాదు. లోపలి గాజునారకు నీరు చేరినచో గోడ పొరలు విడిపోవును. పగులును గరుకు కాగితముతో రుద్ది, ఆరబెట్టి, గాజునార ముక్కను రెసినుతో అతికింపవలెను.

ప్రాణమే ముఖ్యము

ఎంత మంచి పడవయైనను మనిషి అజాగ్రత్తను కాపాడలేదు. ప్రాణరక్షక కవచమును పడవలో పరచుకొని కూర్చుండుటకు గాక ఒంటికి కట్టుకొనుటకు వాడవలెను. నీరు తోడుటకు ఒక డబ్బాను త్రాటితో పడవకు కట్టియుంచవలెను. పడవ తిరుగబడినచో ఒడ్డునకు ఈదబోక పడవను పట్టుకొని ఉండవలెను. దూరము కంటికి దగ్గరగా కన్పించును, చేతులకు కాదు. ఎచ్చటికి పోవుచున్నది, ఎపుడు వచ్చునది ఇంట చెప్పి పోవలెను. త్రాగి పడవ ఎక్కరాదు.

2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సంప్రదాయ మత్స్యకారులకు పడవలు, వలలు సమకూర్చు అంశము చేర్చబడినది. ఇటువంటి పథకముల క్రింద ఆ సంవత్సరమున మీ ప్రాంతమునకు ఏ సాయము కలదో జిల్లా మత్స్యశాఖ కార్యాలయములో అడిగి తెలిసికొనవలెను. సాయము లభించినపుడును పడవ మన నీటికి తగినదేనా అని చూచుకొను బాధ్యత మనదే. సహకార సంఘములు అందరికి ఒకే పడవ కొనుటకు ముందు ఒక్క పడవను తెప్పించి, తమ జలాశయములో ఒక నెల నడిపి చూచుట మేలు.

చివరి మాట

మరుసటి సంవత్సరము నేను మరల ఆ జలాశయమునకు వెళ్లితిని. తుమ్మచెట్టు క్రింద పడవ లేదు. అమ్మివేసెనేమో అనుకొంటిని. నీటివైపు చూడగా అదే రంగు పడవ కనబడినది. దాని ప్రక్కన మరొక పాత పడవ, రెండింటి నడుమ మూడడుగుల ఎడము, పైన వెదురు అడ్డకర్రలు, వాటిపై తడిక. యువకుడు తడికపై నిలుచుండి వల లాగుచుండెను. గాలి వీచుచునే యున్నది, పడవల జత మాత్రము ఊగుట లేదు.

తాత చెప్పగా, ఏటి ఒడ్డు గ్రామమునుండి ఒక పాత పడవను తక్కువ ధరకు తెచ్చి సంగడి కట్టితినని అతడు చెప్పెను. అప్పులో సగము తీరినదట. తాత పుట్టి అల్లుటకు బద్దలు చీల్చుకొనుచు, "నే జెప్పలా సారూ, పడవ చెడ్డది కాదని. దానికి తోడు లేదంతే" అని నవ్వెను.

మత్స్యకార సోదరులారా! పడవ కొనుటకు ముందు ఒక్క రోజు మీ చెరువు గట్టుపై కూర్చుండి గాలిని, అలను, లోతును, ఒడ్డును చూడుడు. మీ ఊరి పెద్దలను అడుగుడు. అటుపిమ్మట లెక్క వేసి, పరీక్ష చేసి కొనుడు. ఆ ఒక్క రోజు శ్రమ మీ పెట్టుబడిని కాపాడును. మీ కొరకు ఒడ్డున ఎదురుచూచువారికి మిమ్ములను క్షేమముగ చేర్చును.